మంచు: లేదు, దారి: శుభ్రం

నేను మంచు తోసేవాణ్ణి. ఉద్యోగం పల్నాడులో. నవ్వదలచుకున్నవాళ్లు ఇక్కడే ఆగి నవ్వేసుకుంటే మిగతాది కుదురుగా చెప్పుకోవచ్చు. పెళ్లి మాటలప్పుడు మా మామ కూడా ఇక్కడే నవ్వాడు. తర్వాత నేనుండే గది చూసి పిల్లనిచ్చాడు. ఆ గది సంగతికి వస్తాను.

మా గుండ్లకొత్తూరులో ఎండాకాలం మిట్టమధ్యాహ్నం కుక్కలు నాపరాళ్ల మీద మూడు కాళ్లు ఆనించి, నాలుగోదానికి విశ్రాంతి ఇస్తూ నడుస్తాయి. చలికాలమంటే దుప్పటి పెట్టెలోంచి తీసి, కప్పుకోకుండా పక్కన పెట్టుకునే కాలం. అట్లాంటి ఊరికి నూటపాతికేళ్ల క్రితం మంచుమాత సహోదర సభ వచ్చింది. సముద్రాలకవతల, ఏడాదిలో ఆరు నెలలు మంచులో కూరుకుపోయే కొండల్లో పుట్టిన సభ అది. వచ్చింది ముగ్గురు సహోదరులు, పద్నాలుగు పెట్టెలు. మందులు ఒక పెట్టె, పుస్తకాలు రెండు. మిగిలిన పదకొండూ చలి సామానే. ఉన్ని మేజోళ్లు, గొర్రెతోలు టోపీలు, మంచు తోసే చెక్క పారలు ఆరు, ఒక కోటు.

మద్రాసులో ఓడ దిగిన రోజే వాళ్లలో పెద్దాయనకు పెట్టెలు తప్పు తెచ్చుకున్నామని అర్థమైందట. కానీ పెట్టెలు మార్చవచ్చు, నియమావళి మార్చలేం. సభ నియమావళిలో నలభై ఒకటో నియమం ఇట్లా ఉంటుంది: దేవాలయం గడప నుంచి భోజనశాల గడప దాకా ఉన్న దారిలో రాత్రి కురిసిన మంచును తెల్లవారి గంట కొట్టేలోగా తోసెయ్యాలి. ఆ పనికే ఒక సేవకుణ్ణి పెట్టాలి. మంచు ఎంత, దారి ఎట్లా ఉంది, జారిపడినవారెందరు అని రోజూ మూడు గడుల్లో రాసి ఏడాదికొకసారి ముఖ్యమఠానికి పంపాలి.

పెద్దాయన ముఖ్యమఠానికి ఉత్తరం రాశాడు. ఈ దేశంలో మంచు పడదు, ఆ ఒక్క నియమం సడలించండి అని. ఏడు నెలలకు జవాబు వచ్చింది. దాన్ని అద్దం కట్టించి ఇప్పటికీ మఠం వసారాలో వేలాడదీశారు. తెలుగులో దాని సారం ఇది: "నియమము ఆకాశమును చూచి వ్రాసినది కాదు. కురియకపోవుట మంచు తప్పిదము. తోయకపోవుట మీ తప్పిదము." పైగా కొత్త దేశం కాబట్టి అక్కడి ఋతువుల్ని నమ్మడానికి లేదనీ, ఏడాది పొడుగునా జాగ్రత్తగా ఉండమనీ కింద ఇంకో ముక్క.

ఆ వారంలోనే ఎద్దుకు మందు అడగడానికి మఠానికి వెళ్లిన పద్నాలుగేళ్ల మా తాత ఇన్నాసిని ఆ ఉద్యోగంలో వేసుకున్నారు. ఆయనకు చదువు లేదు. సహోదరులే కూర్చోబెట్టి, గడులు నింపడానికి సరిపడా నేర్పారు. ఆయన చచ్చిపోయేదాకా రాయగలిగినవి ఆరే మాటలు: మంచు లేదు, దారి శుభ్రం, జారిపడినవారు లేరు. ఆయన తర్వాత మా నాయన రాయప్ప. నాయన పోయేటప్పటికి నేను ఏడో తరగతి. లెక్కల మేష్టారు నన్ను చదివించమన్నాడు. అప్పటి మఠశ్రేష్ఠులు మాత్రం, ఒక్కరోజు దారి ఖాళీగా ఉంటే ఎనభై ఏళ్ల వరస తెగిపోతుందన్నారు. నేను పలక వదిలి పార పట్టుకున్నాను. శౌరయ్య అనే నా పేరు బడి రిజిస్టరులో కొట్టేసి, మఠం రిజిస్టరులో రాశారు. అప్పట్నించీ రోజూ నాలుగున్నరకు లేచి, అరవై రెండు అడుగుల దారి ఈ చివర నుంచి ఆ చివరకు నడిచి, లేని మంచు లేదని నిర్ధారణ చేసుకుని, ఆరు మాటలు రాస్తున్నాను. శనివారం పారలకు ఆముదం పూస్తాను. కళ్లంలో ఎండుమిరపకాయలు తిరగెయ్యడానికి అంత మంచి పార ఇంకోటి ఉండదు. ఒకసారి ఆ పని చేశానని నాకు నలభై రోజులు ప్రాయశ్చిత్తం వేశారు.

ఇక గది. మంచు సేవకుడు చలికి చావకూడదని దేవాలయం వెనక మూడడుగుల మందం గోడలతో ఒక గది కట్టమంది నియమావళి. చలి లోపలికి రాకుండా కట్టిన గోడ ఎండను రానిస్తుందా? రోహిణికార్తెలో ఊరంతా ఉడికిపోతుంటే, ఆ గదిలో మా లూర్దమ్మ పైట కప్పుకుని కూర్చుంటుంది. మఠశ్రేష్ఠులు ఉండేది కొత్తగా వేసిన డాబాలో. మధ్యాహ్నం పూట ఆయన ఏదో ఒక పరామర్శ పేరు పెట్టుకుని మా గదికి వచ్చి రెండు గంటలు పరామర్శిస్తారు.

చిక్కంతా నలభై రెండో నియమంలో ఉంది. మంచు సేవకుడు ముఖ్యమఠం నుంచి వచ్చిన పర్యవేక్షక గురువు కళ్లెదుట ఒక్కసారైనా మంచు తొయ్యాలి. తోస్తే స్థిరసేవకుడు. బతికినన్నాళ్లూ గది అతనిది, ఆ కోటు అతనిది. తొయ్యనంతకాలం అభ్యాసి. యాభై అయిదేళ్లు నిండేలోగా అభ్యాసం పూర్తి చెయ్యనివాణ్ణి మందమతిగా ఎంచి బయటికి పంపాలి. మా తాత యాభై నాలుగుకు పోయాడు, నాయన యాభై మూడుకు. ఇద్దరూ అభ్యాసులుగానే పోయారు కాని, మందమతి అనిపించుకునే వయసుదాకా రాలేదు. ఆ కోటు వసారాలో అద్దాల బీరువాలో, కలరా ఉండల మధ్య వేలాడుతూ ఉంటుంది. నాయన చివరి రోజుల్లో దాని ముందు కుర్చీ వేయించుకుని కూర్చునేవాడు. నాకు కిందటేడు ఆగస్టు అయిదుకు యాభై అయిదు నిండాయి. ఆగస్టు అయిదే మంచుమాత పండగ. ఆ పండగనాడే సభ మా ఊరికొచ్చిన నూటపాతికేళ్ల జూబిలీ.

జూబిలీకి మా మఠశ్రేష్ఠులు ఫాదర్ ఉడుముల ఇన్నారెడ్డి గారు సభ చరిత్ర రాయడం మొదలుపెట్టారు. తొమ్మిది అధ్యాయాలు అనుకున్నారు. మూడు అధ్యాయాలకే ఈ ఊళ్లో జరిగినవన్నీ అయిపోయాయి. ఒక బడి, ఒక ఆసుపత్రి, ఒక బావి. ఇంకేం రాయాలా అని అటకలు వెతికిస్తే మా మూడు తరాల రిజిస్టర్లు దొరికాయి. ఏటా పంపిన లెక్కలు అక్కడ ఎవరూ విప్పలేదేమో, ఈసారి అన్నీ కలిపి నకళ్లు ముఖ్యమఠానికి పంపారు.

ముఖ్యమఠం కదిలిపోయింది. అక్కడ గణాంకాల విభాగం అని ఒకటి ఉందట. వాళ్లు ప్రపంచంలోని సభ మఠాలన్నిటి లెక్కలూ పక్కపక్కన పెట్టారు. కొండల్లోని పెద్ద మఠంలో ఏడాదికి నలభై రోజులు దారి మూసుకుపోతుంది, పదిమంది కాళ్లు విరగ్గొట్టుకుంటారు. గుండ్లకొత్తూరులో నూటపాతికేళ్లలో దారి మూసుకుపోయిన రోజు ఒక్కటి లేదు. జారిపడిన ప్రాణి లేదు. వెంటనే సర్వమఠాలకూ ఒక లేఖ వెళ్లింది. ఇన్నారెడ్డి గారు దాన్ని పూజ తర్వాత వేదిక మీద నుంచి చదివారు. "మంచు నిర్మూలనమున గుండ్లకొత్తూరు పద్ధతి సర్వోత్కృష్టమైనదిగా గుర్తింపబడినది. తక్కిన మఠములు దీనిని అభ్యసించి ఆచరించవలెను."

అభ్యసించడానికి మే నెలలో ముగ్గురు తెల్ల సహోదరులు దిగారు. ఇద్దరు రెండో రోజుకే మంచం ఎక్కారు. మూడో అతను మతియాస్. గడ్డం, చేతిలో నోటుపుస్తకం, ఎంత ఎండ కొట్టినా పోని మర్యాద. రోజూ నాలుగున్నరకు నా వెనకే దారి పొడుగునా నడిచేవాడు. మంచు కరగడానికి ఉప్పు చల్లుతారా, బూడిద చల్లుతారా అని అడిగాడు. ఏమీ చల్లమన్నాను. రాసుకున్నాడు. పార ఏ కోణంలో పట్టుకుంటారని అడిగాడు. గోడకు ఆనించి పెడతామన్నాను. అదీ రాసుకున్నాడు. వారం గడిచాక పుస్తకం మూసి, వచ్చీరాని తెలుగులో మెల్లిగా అడిగాడు.

"శౌరయ్య గారూ, మంచు ఎప్పుడు వస్తుంది?"

"మా తాత కాణ్ణించి చూస్తానే ఉన్నాం, బ్రదరుగారూ."

అతను వంగి నాపరాయిని అరచేత్తో తడిమి చూశాడు. ఆ రాత్రే ఉన్నదున్నట్టు ముఖ్యమఠానికి రాశాడు. ఇక్కడ మంచు పడదు అని. ముఖ్యమఠం అతని నిజాయితీని మెచ్చుకుంటూనే, పద్ధతి అంత సమర్థంగా పనిచేస్తున్నప్పుడు మంచు కనపడకపోవడం సహజమేననీ, ఇంకా శ్రద్ధగా నేర్చుకోమనీ జవాబిచ్చింది.

నా దిగులు నాది. లేఖ కాగితం పట్టుకుని ఇన్నారెడ్డి గారి దగ్గరికి వెళ్లాను. ప్రపంచంలోనే నా పద్ధతి గొప్పదంటున్నారు కదా, నన్ను స్థిరసేవకుణ్ణి చెయ్యండి, గది నిలబెట్టండి అన్నాను. ఆయన మంచివాడే. కళ్లజోడు తుడుచుకుని, నియమావళి తీసి, రెండుసార్లు చదివారు.

"నీ ప్రతిభకు తిరుగులేదు శౌరయ్యా. అర్హత మాత్రం లేదు. నువ్వింకా నేర్చుకునేవాడివే."

"నా దగ్గర నేర్చుకోడానికి ముగ్గుర్ని పంపారుగా స్వామీ."

"వాళ్లు నేర్చుకోవచ్చు. నువ్వు నేర్పకూడదు. అభ్యాసి అభ్యాసికి నేర్పరాదని నలభై ఆరో నియమం."

లూర్దమ్మకు చెబితే అట్లు పోస్తున్నదల్లా ఆగి, అట్లకాడతో గోడ తట్టి చూపించింది. "ఈ గోడ కోసం నిన్ను చేసుకున్నా. ఇది పోతే నిన్నేం జేసుకోను?" అంది. ముప్పై ఏళ్ల కాపురం తర్వాత మాట అది. అయినా గోడ మంచిదే, కాదనలేను.

జూలై చివర్న పర్యవేక్షక గురువులు విదేశం నుంచి వేంచేశారు. కారు దిగింది ఎవరయ్యా అంటే మా పక్క ఊరి తుమ్మా బాలశౌరి. చిన్నప్పుడు మా దొడ్డివెనక వాగులో గేదెలు కడిగినవాడు. ఆ కొండల దేశంవాళ్లు సభలో చేరడం ఎప్పుడో మానేశారు. ఇప్పుడు ముఖ్యమఠంలో ఇరవైమంది ఉంటే పదహారుమంది మన జిల్లావాళ్లేనట. ముప్పై ఏళ్లుగా అక్కడే ఉండి, మనిషి పండిపోయి, అచ్చు పుస్తకం మాట్లాడినట్టే మాట్లాడుతున్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది. తమరిది పక్క ఊరే గదా, ఇక్కడ మంచు పడదని తమకు తెలవదా అని అడిగాను.

"బాలశౌరిగా నాకు తెలుసు," అన్నారాయన. "పర్యవేక్షకునిగా ఆ విషయము నా దృష్టికి రాలేదు."

మంచుమాత ఒకప్పుడు ఆగస్టు ఎండలో కొండ మీద మంచు కురిపించిందని పెద్దలు చెప్పుకుంటారు. పండగ రోజున తల్లి కురిపిస్తే కురిపిస్తుంది, లేకపోతే మనమే కొంచెం సాయం చేద్దాం అని ఇన్నారెడ్డి గారు ఉపాయం చెప్పారు. మాచర్లలో చేపలకు వేసే ఐసు దొరుకుతుంది. దంచి దారి మీద పోస్తే నేను తోస్తాను. పర్యవేక్షకులు ఒప్పుకోలేదు. మంచు పోసింది కాకూడదు, ఆకాశం నుంచి పడింది కావాలి. రెండు రోజులు ఆలోచించి, నియమావళి ముందుమాట చదివి, ఒక తీర్పు రాసి ఇచ్చారు. "ఆకాశమనగా చూచువాని తలకన్న పైనున్న సమస్తము." గంటగోపురం ఆయన తలకన్నా పైన ఉంది. కనుక గోపురం మీద నుంచి పోస్తే ఆకాశం నుంచి పడినట్టే.

ఆగస్టు అయిదున పొద్దున్నే మూడు ఆటోల్లో ఐసు దిగింది. గోపురం మీదికి మోయడానికి సంచులు కావాలి. మా ఊళ్లో ఖాళీ సంచులంటే మిరపకాయ టిక్కీలే. నలుగురు మనుషులు తుమ్ముకుంటూ, చేపల కంపు కొట్టే ఐసును మిరపకాయల సంచుల్లో వేసుకుని తొంభై మెట్లు ఎక్కారు. ఏడున్నరకల్లా పద్దెనిమిది సంచులు పైన సిద్ధం. పూజ ఎనిమిదికి, మంచు తొమ్మిదికి అని అనుకున్నాం. చుట్టుపక్కల చర్చిల విచారణల నుంచి జనం లారీల్లో వచ్చారు. పల్నాడులో మంచు పడుతుందంటే ఎవరు మాత్రం ఇంట్లో కూర్చుంటారు?

పూజ అయ్యాక ఇన్నారెడ్డి గారు చరిత్ర పుస్తకం ఆవిష్కరించారు. ఆవిష్కరించి ఊరుకుంటే బాగుండేది. పర్యవేక్షకులు దాన్ని విప్పి, మూడు పేజీలు చదువుతానన్నారు. మొదటి అధ్యాయంలో సభ పుట్టింది. రెండో అధ్యాయంలో ఓడ ఎక్కింది. ఓడ సూయెజ్ కాలువ దాటేసరికి పదిన్నరయింది. నేను చెక్క పార భుజాన పెట్టుకుని దారి మొదట్లో నిలబడి గోపురంకేసి చూస్తున్నాను. రాతి గోడ వెంట సన్నగా ఒక ఎర్రటి ధార కిందికి దిగుతున్నది. మద్రాసులో పెట్టెలు దించేటప్పటికి ధార రెండు పాయలయింది. లూర్దమ్మ ఆడవాళ్ల వరసలో నుంచి నాకేసి చూసి, గోడకేసి చూసి, నుదురు కొట్టుకుంది. ఇన్నారెడ్డి గారు ఒకసారి దగ్గారు. పర్యవేక్షకులు ఆయనకు మంచినీళ్లు ఇప్పించి, మూడో అధ్యాయంలోకి ప్రవేశించారు.

పదకొండూ ఇరవైకి గంట మోగింది. పైవాళ్లు సంచులు బోర్లించారు. ముందు పడింది నీళ్లు. మిరపపొడి కలిసి ఎర్రగా, పొలుసులతో తళతళలాడుతూ పడింది. తర్వాత నాలుగు పెళ్లలు పడి, నాపరాళ్ల మీద పగిలి, చూస్తుండగానే కరిగిపోయాయి. ఘాటుకు రెండువేల మంది ఒక్కసారి తుమ్మారు. నేను పార పట్టుకుని పరిగెత్తాను. మొదటి పెళ్ల దగ్గరికి చేరేసరికి అది తడి మచ్చ. రెండోది నేను వంగేలోగా పోయింది. నాలుగోదాన్ని ఒక కుక్క నోట కరుచుకుని వెళ్లిపోయింది.

అంతమందిలో మంచంటే ఏమిటో తెలిసినవాడు మతియాస్ ఒక్కడే. నిపుణుడిగా అభిప్రాయం చెప్పమని పర్యవేక్షకులు అతన్ని పిలిచారు. అతను వంగి, వేలితో తడి అద్ది, వాసన చూశాడు.

"ఇది మంచు కాదు," అన్నాడు. "ఇది చేప."

పర్యవేక్షకులు స్వయంగా పరిశీలిస్తామని పూజావస్త్రాలతోనే దారి మీదికి అడుగు పెట్టారు. నాపరాయి మీద చేపనీళ్లు. రెండో అడుగు వెయ్యలేదు. కాళ్లు రెండూ పైకి లేచాయి. నియమావళి ఒక చేతి నుంచి, చరిత్ర ఇంకో చేతి నుంచి ఎగిరిపోయాయి. నూటపాతికేళ్లలో ఆ దారి మీద జారిపడిన మొదటి మనిషి ఆయనే.

కుడికాలు విరిగింది. నరసరావుపేట ఆసుపత్రిలో కట్టు వేశారు. సాయంత్రం నేనూ ఇన్నారెడ్డి గారూ వెళ్లాం. నా చంకలో రిజిస్టరు ఉంది. ఆ రోజు గడులు ఆ రోజే నింపాలి. మూడో గడిలో ఒకరు అని రాయక తప్పదు. రాస్తే కారణం రాయాలి. ఆ కాగితంలో అచ్చేసిన కారణం ఒకటే, మంచు. ఇంకేదైనా అయితే పడినవారు విడిగా వివరణ రాసి సంతకం పెట్టాలి. ఇన్నారెడ్డి గారు ఆయనకు శ్రమ ఎందుకని దారిలోనే వివరణ రాసి తెచ్చారు. మంచం పక్కన నిలబడి చదివారు. "పర్యవేక్షక గురువులు చేపనీటి మీద కాలుజారి, విశ్వాసుల సమక్షమున వెల్లకిలా పడిరి."

పర్యవేక్షకులు కళ్లు మూసుకుని విన్నారు. ఫ్యాను కిర్రుకిర్రుమంటూ తిరుగుతున్నది. నేను గోడనానుకుని, మా గది గోడ మందం తలుచుకుంటున్నాను. ఆ అర్ధరాత్రితో నేను మందమతిని.

"ఇన్నారెడ్డి గారూ," అన్నారాయన చివరికి. "ముఖ్యమఠంలో భోజనాల వేళ ప్రతి నివేదికనూ పైకి చదువుతారు. పదహారుమంది మన జిల్లావాళ్లు వింటారు. తెలుసా మీకు?"

"తెలుసు స్వామీ."

"నన్ను చిన్నప్పట్నించి ఎరిగినవాళ్లు. గేదెలు కడిగేటప్పుడు కూడా జారిపడని మనిషిని." మాటలో పుస్తకం పోయి, ఊరు వచ్చేసింది. "రాయి శౌరయ్యా. మంచు పడింది. నేను చూశా."

ఇన్నారెడ్డి గారు ధర్మసందేహం ఒకటి లేవదీశారు. మంచు పడింది సరే, దాన్ని అభ్యాసి తోసినట్టేనా?

"తొయ్యకపోతే అందులో మునిగిపోయేవాణ్ణి గదయ్యా."

అట్లా నేను స్థిరసేవకుణ్ణయ్యాను. మంచు అని రాసి, అలవాటుకొద్దీ లేదు అని రాయబోయి, ఆగి, కలదు అని రాశాను. ఆ ఒక్క మాటతో మఠం రికార్డు పోయింది. గుండ్లకొత్తూరు పద్ధతిని ముఖ్యమఠం రద్దు చేసి, తెల్ల సహోదరుల్ని వెనక్కి పిలిపించుకుంది. మతియాస్ పోతూ పోతూ లూర్దమ్మకు దణ్ణం పెట్టి, నోటుపుస్తకం మా పొయ్యిలోకి ఇచ్చిపోయాడు. ఈ ప్రాంతంలో మంచు ఉధృతి పెరుగుతున్నందున ముఖ్యమఠం మాకు ఇంకో డజను పారలు పంపింది.

సెప్టెంబరు మొదటి ఆదివారం బీరువా తాళం తీశారు. నూటపాతికేళ్ల తర్వాత కోటు బయటికి వచ్చింది. గొర్రెతోలు, లోపల ఉన్ని, మెడ దాకా పద్నాలుగు గుండీలు, పదకొండు కిలోలు. ఇన్నారెడ్డి గారు స్వయంగా తొడిగి, గుండీలన్నీ పెట్టి, చేతులు జోడించారు. మా తాత, మా నాయన గుర్తొచ్చి కళ్లు తడిశాయి. తర్వాత ఒళ్లంతా తడిసింది. అప్పుడు ఆయన నలభై మూడో నియమం చదివారు. స్థిరసేవకుడు తన గౌరవానికి చిహ్నమైన కోటును మఠం ఆవరణలో ఉన్నంతసేపూ, నిద్రలోనూ, తీయరాదు.

ఇది రాస్తున్నది మే నెల. కుక్కలు మూడు కాళ్ల మీద నడుస్తున్నాయి. మధ్యాహ్నం పరామర్శకు ఇన్నారెడ్డి గారు వచ్చి, మూలన చాప మీద నిద్రపోతున్నారు. లూర్దమ్మ పైట కప్పుకుని కూర్చుంది.

గది చల్లగానే ఉందట. లూర్దమ్మ చెప్పింది.